ఇంజిన్ ఆఖర్న కొనండి: ఔత్సాహికులు నడిపే పాతకాలపు రైలుకు తొలి ఏళ్లలో ఏం కావాలి

ధర్మవరం–పాకాల మీటరు గేజి లైను, అంటే రెండు పట్టాల మధ్య మీటరు దూరముండే లైను, 1890ల తొలినాళ్లలో వేసింది. 2010 నాటికి అది బ్రాడ్ గేజి అయిపోయింది. గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా బెజవాడ పోయే లైను అంతకు ముందే, 1990ల్లో మారింది. కదిరిలోనో గుంతకల్లులోనో రైలంటే ప్రాణమిచ్చేవాళ్లు నలుగురు కూడితే ఒక మాట తప్పకుండా వస్తుంది: బ్రిటన్‌లోని వేల్సులో జనమే కూడి పాత రైళ్లు నడుపుకుంటున్నారు కదా, మనమూ ఓ రెండు కిలోమీటర్లు వేసుకుంటే పోలా?

వేసుకోవచ్చు. చిక్కేమిటంటే, ఆ మాట అక్కడినుంచి నేరుగా ఇంజిన్ మీదికి పోతుంది. పాత స్టీమ్ ఇంజిన్ ఎక్కడ దొరుకుతుంది, ఎంత చెబుతారు అన్నదే చర్చ. నిజానికి అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. ఇలాంటి రైలు తొలి నాలుగైదేళ్లలో నిలబడినా కూలబడినా కారణాలు వేరే ఉంటాయి: భూమి కాగితాలు, కంకర, ఎండ, బోరు నీళ్లు, ఆదివారం పూట పనికి వచ్చే మనుషులు.

వేల్సు లెక్క మనకు ఎంతవరకు పనికొస్తుంది

ఈ పద్ధతికి ఆద్యులు టాలిల్లిన్ రైల్వే వాళ్లు. పలకరాయి గని కోసం 1860ల్లో వేసిన చిన్న లైను అది. పొడవు సుమారు 11.7 కిలోమీటర్లు, గేజి 2 అడుగుల 3 అంగుళాలు. గని 1946లో మూతబడింది, యజమాని హేడన్ జోన్స్ 1950లో చనిపోయాడు. ఆ అక్టోబరులో రచయిత టామ్ రోల్ట్ తదితరులు బర్మింగ్‌హామ్‌లో సభ పెట్టి సంఘం కట్టారు. 1951 మే 14న తొలి రైలు కదిలింది.

అంటే ఏడు నెలలు. ఈ అంకె చూసి మోసపోకూడదు. వాళ్లకు భూమి ఉంది, పట్టాలున్నాయి, పెట్టెలున్నాయి, ఎలాగో ఒకలాగ నడిచే డోల్‌గోచ్ అనే ఇంజిన్ ఒకటి ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, 1948లో బ్రిటన్ రైల్వేలను జాతీయం చేసినప్పుడు ఈ కంపెనీ పేరు జాబితాలోకి ఎక్కలేదు. కాబట్టి రైలు నడిపే హక్కు ఆ కంపెనీ దగ్గరే మిగిలింది. మన దగ్గర ఆ వెసులుబాటు లేదు. గేజి మార్పిడిలో చాలాచోట్ల పాత కట్ట మీదే కొత్త పట్టాలు పడ్డాయి. దారి మార్చినచోట పాత కట్ట మిగిలినా ఆ భూమి రైల్వేదే. గాజులపల్లె–దిగువమెట్ట మధ్య వాడకం తప్పిన దొరబావి వంతెన చూసి ముచ్చటపడేవాళ్లు చాలామంది. కానీ అది నల్లమల అడవి. రైల్వే ఒప్పుకున్నా అటవీ అనుమతుల దగ్గర కథ ఆగుతుంది. మొదటి ప్రయత్నానికి అటు చూడకపోవడమే మంచిది.

టాలిల్లిన్ నుంచి నేర్చుకోవాల్సింది ఇంకోటుంది. ఒక్క ఇంజిన్‌తో బండి లాగలేక వాళ్లు, అప్పటికే మూతబడిన కోరిస్ రైల్వే ఇంజిన్లు రెండు 1951లో కొన్నారు. ఒక్కోటి 25 పౌండ్లు. గేజి ఒకటే కాబట్టి సమస్య ఉండదనుకున్నారు. మూడో నంబరు ఇంజిన్ పట్టాలెక్కితే మాటిమాటికీ కిందికి దిగడం మొదలుపెట్టింది. కొలిచి చూస్తే, లైను అసలు గేజి కన్నా దాదాపు అర అంగుళం వెడల్పుగా ఉంది. పాత కంపెనీవాళ్లు కావాలనే అలా వేశారు. డోల్‌గోచ్ ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం ఎక్కువ, మలుపుల్లో ఇరుక్కోకుండా ఆ ఏర్పాటు. పాత ఇంజిన్ల చక్రాల అంచు వెడల్పు కాబట్టి చెల్లిపోయింది, కొత్తగా వచ్చినదానికి చెల్లలేదు. కాగితం మీద గేజి ఒకటే అయితే చాలదు. లైను పొడవునా గేజి రాడ్డు పెట్టి కొలవాలి, చక్రం అంచు ఎంత వెడల్పో, ఎంత అరిగిందో కొలవాలి. ఆ రెండు కొలతలూ పక్కపక్కన పెట్టుకోకుండా బండి కొనకూడదు.

ఫెస్టినియోగ్ రైల్వే మరో పాఠం. 1946లో ఆగిపోయిన లైను, 1954లో కొత్తవాళ్ల చేతికొచ్చింది. 1955లో నడిపింది సముద్రపు కట్ట మీద సుమారు ఒక మైలు మాత్రమే. 1956లో మిన్‌ఫోర్డ్ దాకా, 57లో పెన్రిన్ దాకా, 58లో టాన్ ఇ బుల్ఖ్ దాకా పెంచుకుంటూ పోయారు. చివరి స్టేషను బ్లైనై చేరేసరికి 1982. మధ్యలో విద్యుత్ జలాశయం కింద పాత దారి మునిగితే 1965 నుంచి కొండ చుట్టూ కొత్త దారి తవ్వారు. మట్టిపని ఎక్కువగా వలంటీర్లదే. కానీ అందులోని సొరంగం పనికి మాత్రం జీతమిచ్చి గని పనివాళ్లను పెట్టారు. ఉత్సాహంతో చేయగల పనేదో, చేయకూడని పనేదో తేల్చుకోవడంలో ఆ సంఘం తెలివి అక్కడ కనిపిస్తుంది.

కాగితాల్లో దాగిన వెసులుబాటు

1989 రైల్వే చట్టం ప్రకారం ప్రయాణికుల కోసం కొత్త లైను తెరవాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి, దానికి ముందు రైల్వే భద్రతా కమిషనర్ తనిఖీ జరగాలి. ఒక ఔత్సాహిక సంఘానికి అది అందని మెట్టు. అయితే అదే చట్టం ‘రైల్వే’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో రెండు మినహాయింపులున్నాయి. పూర్తిగా మునిసిపల్ హద్దుల్లో నడిచే ట్రామ్‌వే ఒకటి. ఎగ్జిబిషన్ మైదానం, సంత, పార్కు వంటి చోట కేవలం వినోదం కోసం వేసిన పట్టాలు రెండోది. మన దారి ఆ రెండోది.

కాబట్టి లైను రూపం కూడా దాన్నిబట్టే ఉండాలి. ఒకే ఆవరణలో మొదలై అక్కడే ముగియాలి. బస్టాండు నుంచి గుడి దాకా వేసి టికెట్టు కోస్తే అది వినోదం కాదు, రవాణా అవుతుంది, మినహాయింపు బలహీనపడుతుంది. ఊరి రోడ్డును అడ్డంగా దాటనే కూడదు. ఒక్క గేటు పెడితే రోడ్డు యజమానితో, పోలీసులతో, పంచాయతీతో ఏళ్ల తరబడి పని పడుతుంది.

రెండు కిలోమీటర్ల లైనుకు ఆరు మీటర్ల వెడల్పు చొప్పున దాదాపు 3 ఎకరాలు, షెడ్డుకూ యార్డుకూ మరో ఎకరం, ఎకరంన్నర కావాలి. మనవాళ్లకు అలవాటైన 11 నెలల అగ్రిమెంటు ఇక్కడ పనికిరాదు. పట్టాలు దిగాక యజమాని కొడుకులు పంచుకుంటే లైను రెండు ముక్కలవుతుంది. కనీసం 30 ఏళ్ల లీజు, అదీ రిజిస్టరు చేసింది ఉండాలి. డీకేటీ, అంటే ప్రభుత్వం పట్టాగా ఇచ్చిన భూమైతే లాయరుకు చూపించకుండా అడుగు ముందుకేయొద్దు. సంఘాన్ని 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద ఏడుగురితో రిజిస్టరు చేయొచ్చు. అయితే పట్టాలు, బండ్లు, లీజు ఒక కంపెనీ పేరిట, మనుషులు సంఘం పేరిట ఉంటే మేలు. టాలిల్లిన్ కూడా అలాగే నడిచింది. కంపెనీని సంఘం అదుపులో పెట్టుకుంటే, సంఘంలో గొడవలొచ్చినా ఆస్తి చెదరదు. గొడవలు తప్పకుండా వస్తాయి, సాధారణంగా రంగు దగ్గర. ఇంజిన్‌కు నలుపా ఆకుపచ్చా అన్నదాని మీద పోట్లాడుకునే సంఘాలకు డ్రైనేజి మీద పోట్లాడే ఓపిక మాత్రం ఉండదు.

నేల, కంకర

మీటరు గేజి మీద మనకున్న మమకారం వేరు. కానీ వైపీ అనే మీటరు గేజి స్టీమ్ ఇంజిన్ ఒక్కో ఇరుసు మీద మోపే బరువు పదిన్నర టన్నులు. దానికి తగ్గ పట్టాలు, వంతెనలు, షెడ్డు, క్రేను ఒక సంఘం మోయలేదు. రెండడుగుల గేజి, అంటే 610 మిల్లీమీటర్లు, తెలివైన ఎంపిక. పది టన్నుల లోపు ఇంజిన్ చాలు, బిగువైన మలుపులు తీసుకుంటుంది.

నేల విషయంలో అనంతపురం అదృష్టవంతురాలు. ఎర్రనేల, కింద గరుసు, కాస్త చదును చేసి రోలరు తొక్కిస్తే కట్ట నిలబడుతుంది. కోయిలకుంట్ల, నంద్యాల వైపు నల్లరేగడి అలా కాదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు జానెడు బీటలిస్తుంది, పట్టా ఒక పక్క లేస్తుంది. అక్కడ వేయాల్సి వస్తే పైన కనీసం 30 సెంటీమీటర్ల గరుసు పరచాలి, రెండు పక్కలా కాలువలు తీయాలి. అయినా మొదటి రెండు వానాకాలాలు ప్రతి వారం లెవెలు చూసుకోవాల్సిందే.

ఎక్కుడు 1:80 కన్నా, అంటే 80 మీటర్లకు ఒక మీటరు కన్నా, ఎక్కువ లేకుండా చూసుకోవాలి. చదును మీద టన్ను బండిని కదిలించడానికి 5 నుంచి 8 కిలోల బలం చాలు. 1:50 ఎక్కుడులో దానికి మరో 20 కిలోలు కలుస్తాయి. చిన్న ఇంజిన్ అక్కడే చతికిలబడుతుంది.

కంకర దగ్గర కడప, కర్నూలు జిల్లాలవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. దగ్గర్లో, చవగ్గా దొరుకుతుందని నాపరాయి గనుల వ్యర్థం పోయిస్తారు. అది సున్నపురాయి. పలకలుగా విరుగుతుంది, ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకోవు. పైగా నలిగి పొడై, వానకు తడిసి గట్టిబడి, నీళ్లు దిగని పొరగా మారుతుంది. అప్పుడు స్లీపరు (పట్టాల కింది అడ్డు దిమ్మె) కింద బురద నిలుస్తుంది, బండి పోయినప్పుడల్లా బురద పైకి చిమ్ముతుంది. క్రషరు నుంచి వచ్చిన గ్రానైటు కంకరే కావాలి, 40 మిల్లీమీటర్ల సైజు, డస్టు జల్లెడ పట్టింది.

ఒక కిలోమీటరుకు లెక్క ఇలా ఉంటుంది. సగటున 1.8 మీటర్ల వెడల్పు, స్లీపరు కింద 15 సెంటీమీటర్లు, పక్కన స్లీపరు ఎత్తున 10 సెంటీమీటర్లు అనుకుంటే, స్లీపర్లు పట్టే చోటు పోను సుమారు 420 ఘనపు మీటర్ల కంకర, పది టైర్ల టిప్పరుతో 35 లోడ్లు. మీటరుకు 15 కిలోల పట్టా అయితే 30 టన్నులు. 9 మీటర్ల ముక్కలైతే 222 అతుకులు, వాటిని కలిపే 444 ఫిష్‌ప్లేట్లు, 888 బోల్టులు. 70 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున 1,430 స్లీపర్లు, స్లీపరుకు నాలుగు చొప్పున 5,700 పైగా మేకులు. బోల్టులు పది శాతం ఎక్కువ తెప్పించండి. పాత ప్లేట్ల చిల్లులు అరిగి, సరిపోనివి చాలానే తేలతాయి. స్లీపర్లకు పచ్చి చెక్క వాడితే చెదలు తినేస్తాయి. ఉక్కు స్లీపరు దొరికితే అదే ముందు.

మే నెల పట్టా

కొత్తగా పట్టాలు వేసేవాళ్లు జనవరి పొద్దున చల్లగా ఉందని పని పెట్టుకుంటారు. పట్టా ముక్కలను ఒకదానికొకటి ఆనించి బిగిస్తే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మేలో అదే లైను పాములా వంకర పోతుంది. 9 మీటర్ల ఉక్కు పట్టా ఒక్కో డిగ్రీకి మిల్లీమీటరులో పదో వంతు సాగుతుంది. తెల్లవారి 20 డిగ్రీలున్న పట్టా, మే మధ్యాహ్నం 65 దాకా కాగితే సాగేది 4.7 మిల్లీమీటర్లు. అంత ఖాళీ ముందే వదలాలి. పట్టా 40 డిగ్రీలున్నప్పుడు వేస్తే రెండున్నర మిల్లీమీటర్లు చాలు.

చూడాల్సింది గాలి ఉష్ణోగ్రత కాదు, పట్టా ఉష్ణోగ్రత. అయస్కాంతంతో అతుక్కునే థర్మామీటరు పట్టా నీడ పక్కన పెట్టి చూడాలి. రేకు ముక్కలు 2, 3, 4, 5 మిల్లీమీటర్ల మందంలో కోసిపెట్టుకుని, అతుకు మధ్య సరిపోయేది దూర్చి, బోల్టులు బిగించాక లాగేయాలి. ఒక్క రేకు మరిచిపోతే ఆ అతుకు పనిచేయదు. ఏటా ఫిబ్రవరిలో ఫిష్‌ప్లేట్లు విప్పి, తుప్పు గీకి, గ్రాఫైటు గ్రీజు పూయాలి. తుప్పుతో ప్లేటు పట్టేస్తే ఖాళీ ఉన్నా పట్టా జరగదు. ఆదివారం పనుల్లో అందరూ తప్పించుకునే పని ఇదే. ఏప్రిల్, మేల్లో బండి నడపకపోవడమే ఉత్తమం. పట్టా సంగతి అటుంచి, ఎండిన గడ్డి మీద నిప్పురవ్వ పడితే పక్క చేనుకు అంటుకుంటుంది.

బోరు నీళ్లు బాయిలరును తినేస్తాయి

మన ప్రాంతంలో స్టీమ్ ఇంజిన్‌కు అసలు శత్రువు బోరు. అనంతపురం నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. అది ఎముకలకు చేటు, బాయిలరు దాన్ని పట్టించుకోదు. బాయిలరును దెబ్బతీసేది కాల్షియం, మెగ్నీషియం, అంటే నీటి కఠినత్వం.

లెక్క వేసి చూడండి. చిన్న ఇంజిన్ రోజుకు 1,500 లీటర్లు తాగుతుందనుకుందాం. లీటరుకు 500 మిల్లీగ్రాముల కఠినత్వమున్న నీళ్లైతే ఆవిరి పోయాక లోపల మిగిలేది రోజుకు 750 గ్రాములు. ఏడాదికి 40 రోజులు నడిపితే 30 కిలోలు. అంతా పొరకట్టదు, కొంత బురదగా దిగుతుంది. కానీ నిప్పు పెట్టె పైకప్పు మీద ఒకట్రెండు మిల్లీమీటర్ల పొర పేరుకున్నా చాలు, రేకు వేడి నీటిలోకి పోదు. రేకు అతిగా కాగుతుంది, రేకులను కలిపి పట్టే స్టే కడ్డీల చుట్టూ కారడం మొదలవుతుంది. నీళ్లు మరీ తగ్గి పైకప్పు బయటపడితే అక్కడున్న సీసం ప్లగ్గు కరిగి నిప్పు మీద ఆవిరి చిమ్ముతుంది. సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది. ఆ ప్లగ్గు ఆఖరి హెచ్చరిక. దానిదాకా వచ్చిందంటే పని చెడినట్లే.

మెత్తబరిచే యంత్రం పెడితే పొర తగ్గుతుంది. కానీ అది కాల్షియం తీసి సోడియం పెడుతుంది, కరిగిన ఉప్పుల మొత్తం తగ్గదు. ఉప్పు పెరిగితే నీళ్లు నురగెత్తి ఆవిరితో పాటు సిలిండరులోకి పోతాయి. నీళ్లు నొక్కుకుపోవు కాబట్టి సిలిండరు మూత పగులుతుంది. ఆర్వో నీళ్లు వాడితే ఉప్పులు పోతాయి, కానీ అవి అలాగే పోస్తే ఇనుమును తింటాయి, సోడా కలిపి క్షారగుణం పెంచాలి. అన్నిటికన్నా చవకైనది షెడ్డు కప్పు. 200 చదరపు మీటర్ల రేకుల షెడ్డు మీద ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే, ఐదో వంతు పోయినా 88,000 లీటర్లు చేతికొస్తాయి. నలభై రోజులకు కావాల్సింది 60,000. అనంతపురం కరువు సీమే కావచ్చు, ఒక చిన్న ఇంజిన్‌కు మాత్రం వాన నీళ్లే చాలతాయి. ఇంజిన్ కన్నా ముందు షెడ్డు, షెడ్డుతో పాటే తొట్టి కట్టాలనడానికి ఇదే కారణం.

ఏ నీళ్లైనా బాయిలరులో కరిగిన ఉప్పులు లీటరుకు 3,500 మిల్లీగ్రాములు దాటకుండా బ్లోడౌన్ వదలాలి, అంటే కింది నుంచి కొంత నీరు బయటికి తీసేయాలి. పది పన్నెండు రోజుల నడకకు ఒకసారి కడగాలి. బాయిలరు దానంతటదే చల్లారాలి, తొందరపడి చన్నీళ్లు పోస్తే అతుకులు విడతాయి. మూలల్లోని ప్లగ్గులు విప్పి, ప్రెషరు పైపుతో నిప్పు పెట్టె కింది రింగు చుట్టూ బురద తోసి, ఇత్తడి రాడ్డుతో గీకి, చిన్న లైటు లోపలికి పెట్టి చూడాలి. తెల్లటి పెచ్చులు కనిపిస్తే నీటి పద్ధతి మార్చుకోవాలి. నల్లటి పల్చని పూత ఉంటే పరవాలేదు.

మనుషులు, బ్రేకులు, ఆ తర్వాతే ఇంజిన్

గుంతకల్లు, గుత్తి, ధర్మవరం రైల్వే ఊళ్లు. పట్టాలు చూసుకుని రిటైరైన గ్యాంగ్‌మేట్లు, కీమ్యాన్లు, ఇంకా ఫిట్టర్లు వీధికొకరుంటారు. వేల్సువాళ్లకు లేని బలం ఇది. అయితే నీలగిరి కొండ రైలు వంటిది తప్పిస్తే, దేశంలో మీటరు గేజి స్టీమ్ 1990ల చివరికే దాదాపుగా ఆగిపోయింది. నిప్పు వేసిన అనుభవమున్నవాళ్లు వయసు మీదపడ్డారు, వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఇప్పుడే. ఒక గ్యాంగుకు పన్నెండు మంది చాలు, ఒక్కడు మాత్రం పని తెలిసినవాడై ఉండాలి, అతని మాటే చెల్లాలి. మొదటి ఏడాది ముప్పై మంది వస్తారు, రెండో ఏడాదికి పదిమంది మిగులుతారు. అన్నం, నీడ, చేతి తొడుగులు, బీమా సరిగ్గా ఉంటే మరి నలుగురు ఎక్కువ మిగులుతారు.

మొదట కొనాల్సింది చిన్న డీజిల్ ఇంజిన్, రెండు ట్రాలీలు. కంకర మోయడానికి అదే కావాలి. ప్రయాణికుల పెట్టె తగిలించే ముందు ప్రతి పెట్టెకూ దానంతటదే పడే బ్రేకు ఉండాలి, అంటే గొట్టం తెగితే బ్రేకు పడిపోవాలి. 1889లో ఐర్లండులోని ఆర్మా దగ్గర విడిపోయిన పెట్టెలు ఎక్కుడు మీద నుంచి వెనక్కి జారి 80 మంది చనిపోయాకే బ్రిటన్‌లో అలాంటి బ్రేకు తప్పనిసరైంది. చేతి బ్రేకుతో సరిపెడదామనే సంఘం రైలు నడపడానికి ఇంకా సిద్ధపడలేదని అర్థం. లైను మొత్తానికి ఒకే టోకెన్, అది చేతిలో ఉన్న డ్రైవరే కదలాలి.

ఇవన్నీ ఒక ఏడాది నడిచాక స్టీమ్ సంగతి చూడొచ్చు. 25 లీటర్లు మించి, ఒక కిలో ప్రెషరు దాటే బాయిలరు ఏదైనా బాయిలర్ల చట్టం కిందికి వస్తుంది. 1923 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్తది వచ్చింది. రిజిస్ట్రేషను, నీటి ప్రెషరు పరీక్ష, ఏటా సర్టిఫికెట్టు, అర్హత పొందిన అటెండెంటు తప్పవు. తనిఖీ అధికారిని కొన్నాక కాదు, కొనకముందే కలవాలి. పాత బాయిలరుకు డ్రాయింగులు లేకపోతే రిజిస్ట్రేషను ఎన్నాళ్లు పడుతుందో ఆయనే చెబుతారు.

అమ్మేవాడు నిప్పు వేసి కూత వేయించి చూపిస్తాడు. దానికి లొంగవద్దు. నిప్పు పెట్టె రేకుల మందం అల్ట్రాసోనిక్ మీటరుతో జానెడుకొక చోట కొలిపించండి, కింది రింగు పైన రెండంగుళాల దగ్గర తప్పకుండా. తుప్పు ముందు తినేది అక్కడే. బాయిలరులో పొగ పోయే ట్యూబులు రెండు బయటికి తీయించి నీటి వైపు గుంటలున్నాయేమో చూడండి. చక్రాల అంచు వెడల్పు కొలవండి. ట్యూబులు తీయనివ్వనంటే బేరం అక్కడే వదిలి రావాలి.